నా పేరు మీద రాసుకున్న అత్తమ్మ మాటలు

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు ల్యాబ్‌లో ఉండగా అందింది. జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీలో, తయారైన సరుకును పరీక్షించే విభాగంలో పని చేస్తాను నేను. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గరే లాకర్లో పెట్టాలి. అందుకని మా ఆయన సెక్యూరిటీకి ఫోన్ చేస్తే, వాళ్ళు మా విభాగానికి చేస్తే, మా సార్ నా బల్ల దగ్గరికి వచ్చి "అమ్మా, మీ అత్తగారికి ఏదో అయిందట, ఇంటికి బయల్దేరండి" అన్నారు. ఆ 'ఏదో' ఏమిటో ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది. పొద్దున టిఫిన్ తిని, అరుగు మీద కూర్చుని, పక్కింటి పెద్దమ్మతో మాట్లాడుతూ మాట్లాడుతూనే పక్కకి ఒరిగిపోయిందట. ఇస్నాపూర్ నుంచి పటాన్‌చెరు ఆసుపత్రికి ఎంత దూరమని! అంత దూరం కూడా ప్రాణం ఆగలేదు.

ఇప్పుడు నేను చెప్పబోయేది విని మీరు నన్ను ఏమనుకున్నా సరే. ఆ కబురు వినగానే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. 'ఇక నా పేజీ గతి ఏమిటి, ఇప్పుడు నేనేం రాయాలి?' అన్న ఆలోచన. ఏడుపు దాని వెనకాల వచ్చింది. ఈ రెండిటి మధ్య చేతిలో ఉన్న పరీక్ష కూడా పూర్తి చేసి, రీడింగ్ రాసి, సంతకం పెట్టి, అప్పుడు కోటు విప్పాను. కంపెనీ బస్సు ఆ వేళప్పుడు ఉండదు. ఆటోలో ఇంటిదాకా నన్ను నేను తిట్టుకుంటూనే వచ్చాను.

మీలో కొందరికి నేను తెలుసు. భయం సినిమాల మీద, సస్పెన్స్ సినిమాల మీద ప్రతి సోమవారం నెట్‌లో నా పేజీలో రాస్తుంటాను. "మీ చూపే వేరండీ", "ఇవన్నీ మీకెలా తడతాయండీ" అని మీరు రాసిన మాటలు నేను ఒకటికి పదిసార్లు చదువుకుని మురిసిపోయిన రోజులున్నాయి. ఆ చూపు నాది కాదు. మీకు నచ్చిన మాటల్లో ముప్పాతిక వంతు మా అత్తమ్మ నోట్లోంచి వచ్చినవి. ఆమెకి చదువు రాదు. ఆమె పోయాక ఈ మాట ఒప్పుకుంటున్నాను చూడండి, బతికుండగా ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. మా నాన్నకి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం. నేను క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. మా ఆయనది ఇస్నాపూరే. వాళ్ళ పొలాలు ఒక్కొక్కటే కంపెనీలకి పోగా ఇల్లూ, ఇంటి మీద మూడు కిరాయి గదులూ మిగిలాయి. ప్రేమించి పెళ్ళి చేసుకున్నాం. "ఆంధ్రా పిల్ల, మనల్ని లెక్క చేస్తదా" అని వాళ్ళ వాడలో గుసగుసలు పోయారని నాకు తర్వాత తెలిసింది. దెయ్యం సినిమాల పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మా అమ్మ దాని కోసం నన్ను తిట్టని తిట్టు లేదు. అత్తవారింట్లో ఆ సంగతి బయటపడనివ్వకూడదని గట్టిగా అనుకుని కాపురానికి వచ్చాను.

వచ్చిన మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ముందు గదిలోంచి ఎవరో ఆడమనిషి కెవ్వున అరిచింది. పరుగెత్తుకెళ్ళి చూద్దును కదా, కిటికీ తెరలు మూసేసి, మంచం మీద కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని, ఒళ్ళో వెల్లుల్లిపాయల పళ్ళెం పెట్టుకుని మా అత్తమ్మ టీవీ చూస్తోంది. అరిచింది సినిమాలో అమ్మాయి.

"రా పిల్లా, కూసో. గడప కాడ కూసోకు, నాకు తలుపు కనవడాలె" అంది.

"మీరు దెయ్యాల సినిమాలు చూస్తారా అత్తమ్మా?" అన్నాను.

"అగో! మీరు మీరు అనకే తల్లీ. సినిమా జూస్తుంటె నువ్వు 'మీరు' అన్నవంటే, నా ఎనక ఇంకెవరన్న నిలవడ్డరేమో అని గుండె జల్లుమంటది."

ఆ రోజు నుంచి 'నువ్వు' లోకి దిగాను. మా అమ్మని కూడా నేను అంత చనువుగా పిలవలేదు.

ఆమె ఎల్లిగడ్డ అనేది, నేను వెల్లుల్లి అనేదాన్ని. ఏ పేరుతో పిలిచినా సినిమా చూస్తున్నంతసేపూ దాని పొట్టు తీయడం ఆమె అలవాటు. వారానికి సరిపడా ఆదివారమే ఒలిచిపెట్టేది. నాలుగైదు సినిమాలు పక్కన కూర్చుని చూశాక నాకో సంగతి అర్థమైంది. సినిమా చప్పగా ఉంటే ఆమె చేతులు మిషన్‌లా ఆడతాయి. బాగున్న చోట నెమ్మదిస్తాయి. నిజంగా భయం వేసిన చోట, రెబ్బ వేళ్ళ మధ్య అలాగే ఉండిపోతుంది. సినిమా అయిపోయేసరికి పళ్ళెం నిండా తెల్లటి రెబ్బలుంటే అది ఉత్త సినిమా అన్నమాట. నా పేజీలో మీరు చూసిన చుక్కలు, అదే, ఐదుకి మూడు, ఐదుకి నాలుగు అని వేసేదాన్నే, అవి నేను ఆ పళ్ళెం చూసి వేసినవి. నవ్వకండి. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

ఆమె అభిప్రాయాలు మామూలువి కావు. జుట్టు విరబోసుకున్న దెయ్యం కనపడితే చాలు, ఆమెకి చిరాకు. "జుట్టు ఇరవోసుకుంటె దెయ్యమా? పొద్దున లేస్తె నేను గూడ గట్లనే ఉంట, మీ మామ ఎన్నడన్న భయపడ్డడా?" అనేది. ఈ మధ్య వచ్చే సినిమాల్లో సగం సినిమా అయ్యాక దెయ్యం పూర్వకథ మొదలవుతుంది కదా, ఎవరు చంపారు, ఎందుకు చంపారు అని అరగంట సాగదీస్తారు. అక్కడ ఆమె లేచి వెళ్ళి చాయ్ పెట్టుకునేది. "అంత కథ చెప్తె ఇగ భయమేడుంటది? పాపమనిపిస్తది. దెయ్యాన్ని సూసి పాపమనిపించినంక ఇగ అది చుట్టమే" అనేది. చిన్న పిల్లలకి తెల్ల మేకప్ వేసి భయపెట్టే సినిమాలంటే ఒళ్ళు మంట. "పసిపిల్లను అడ్డం వెట్టుకొని భయపెట్టేటోడు పని రానోడు" అని టీవీ కట్టేసేది. నవ్వించే దెయ్యాల సినిమాలు మాత్రం చూసేది. కానీ వాటిని లెక్కలోకి తీసుకునేది కాదు.

తలుపుల సంగతి కూడా ఆమే నేర్పింది. సినిమాలో ఎవరో తలుపు కొడతారు, హీరోయిన్ తీయడానికి వెళ్తుంది. మనమంతా తలుపు వంక చూస్తాం. "తలుపును సూడకు. తియ్యనీకె పోయేటామె మొకం సూడు. మంచిగ తీసేటోడైతె మొకమే సూపెడ్తడు. తలుపు సూపెట్టినోనికి పని రాదు" అనేది. మీరూ ఈసారి గమనించి చూడండి. నేను ఈ మాటే 'తలుపు సిద్ధాంతం' అని పేరుపెట్టి నా పేజీలో రాస్తే మీలో ఎంతమంది మెచ్చుకున్నారో నాకు గుర్తుంది. సిద్ధాంతమట! ఆ పేరు ఒక్కటే నాది.

ఇంకో మాట కూడా అంది, అది నేనింకా ఎక్కడా రాయలేదు. ఇది ఆమెదిగానే రాస్తున్నాను. ఒకసారి అడవి బంగళాలో దెయ్యం సినిమా చూస్తూ, "ఎప్పుడు బంగ్లాలల్లనే ఉంటదేంది దెయ్యం? కిరాయి రూముల వెట్టి తియ్యమను. మన మీది రూములల్ల ఉంటరు సూడు, ఒడిశా నుంచొచ్చిన మొగుడు పెండ్లాలు, గసుంటోళ్ళ రూముల దెయ్యమున్నదనుకో. ఏడికి పోతరు? కంపెనీకి దగ్గర ఇంకో రూము దొరకది. గా దెయ్యంతోనే ఉంటరు. అన్నం వండుకుంటరు, డ్యూటీకి పోతరు, వస్తరు, మల్ల తలుపు తీస్తరు. అది తియ్యమను, నేను ఎల్లిగడ్డ ముట్ట" అంది. అది విన్న రోజు మేడ మీదికి బట్టలు ఆరేయడానికి వెళ్ళి ఆ గది తలుపు ముందు రెండు నిమిషాలు నిలబడిపోయాను.

ఇంత భయాన్ని ఎందుకు కోరి తెచ్చుకుంటావని అడిగితే, "తెర మీది భయం రెండు గంటలల్ల ఒడిసిపోతది బిడ్డా, గంతకన్న సుఖమేమున్నది" అంది. అప్పట్లో ఆ మాట లోతు నాకు తెలియలేదు.

పేజీ మొదలుపెట్టమన్నది మా ఆయన. ముత్తంగి దగ్గర గోదాములో సూపర్‌వైజర్ ఆయన, భయం సినిమా అంటే ఆమడ దూరం పరుగెత్తుతాడు. "మీ అత్తాకోడళ్ళు మాట్లాడుకునుడు నాకెందుకు, ఎవరన్న ఇనేటోళ్ళకు చెప్పున్రి" అన్నాడు. మొదటిసారి రాసేటప్పుడు 'మా అత్తమ్మ ఏమందంటే' అనే మొదలుపెట్టాను. నిజంగా. ఆ నాలుగు ముక్కలూ రాసి, చదువుకుని, చెరిపేశాను. ఎందుకు చెరిపానో దాచను. అత్తమ్మ అంది అని రాస్తే వంటింటి కబుర్లలా ఉంటుందనిపించింది. సంతకం పెట్టడం కూడా రాని మనిషి దగ్గర, ఎమ్మెస్సీ చదివిన నేను, సినిమా చూడటం నేర్చుకున్నానని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. ఆమె మాటకి కాస్త ఇస్త్రీ చేసి, 'పోతది'ని 'పోతుంది' చేసి, నా పేరు పెట్టాను. అది చాలామందికి నచ్చింది. రెండోసారి చెరపాల్సిన పని కూడా లేకపోయింది, 'అత్తమ్మ' అన్న మాట రాయనేలేదు.

ఇక్కడ మా ల్యాబ్ సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నా సిగ్గు మీకు పూర్తిగా అర్థం కాదు. మా పుస్తకాల్లో ప్రతి పేజీ కింద రెండు గడులుంటాయి. ఒకటి పరీక్ష చేసినవాళ్ళ సంతకానికి, ఇంకొకటి సరిచూసినవాళ్ళ సంతకానికి. ఒకరు చూసిన రీడింగ్ ఇంకొకరు తమ పేరు మీద రాసుకోవడమంటే మా దగ్గర ఉద్యోగం పోయేంత తప్పు. ఒకసారి మా విభాగంలో ఒకమ్మాయి పక్క బల్ల మీద పరీక్ష తానే చేసినట్టు సంతకం పెట్టింది. చూసి పైవాళ్ళకి చెప్పింది నేనే. "రేపు మందు వేసుకునేవాళ్ళ ప్రాణాలతో పని, ఇందులో మొహమాటాలుండవు" అని ఆ పిల్ల ఏడుస్తుంటే నీతులు కూడా చెప్పాను. ఆ వారం నా పేజీలో రాసిన ప్రతి వాక్యం ఆదివారం మధ్యాహ్నం అత్తమ్మ అన్నదే.

తర్వాత ఒక రోజు, ఒక కొత్త భయం సినిమా తీసినవాళ్ళ దగ్గర నుంచి పిలుపు వచ్చింది. విడుదలకి ముందే సిటీలో పెద్ద హాల్లో చూపిస్తారట, రమ్మన్నారు. నాకూ, నాతో వచ్చే ఇంకొకరికీ కలిపి రెండు పాసులు. ఇంట్లో చెప్పగానే అత్తమ్మ ముఖం వెలిగిపోయింది.

"తీసినోళ్ళే పిలిచిన్రా? అబ్బో! నేను గూడ రావొచ్చునా బిడ్డా? ఎనకాల కూసుంట. సప్పుడు జెయ్య, ఒట్టు."

ఆమె సినిమా చూస్తూ ఊరుకోదు. "ఓ పోరీ, పోకే లోపటికి, పోకు!" అని గట్టిగా అరుస్తుంది. తెర మీద హంతకుడిని తండ్రితాతలతో సహా తిడుతుంది. ఆ పెద్ద హాల్లో, నన్ను మేడమ్ అని పిలిచే వాళ్ళ మధ్య ఆమె పక్కన కూర్చున్నట్టు ఒక్కసారి ఊహించుకున్నాను. ఊహించుకుని, ఆమె కళ్ళలోకి చూడకుండా, "ఒక్కరికే పాస్ ఇచ్చారు అత్తమ్మా" అన్నాను.

"అయ్యో, గట్లనా. మంచిగ జూసి రా పో. వచ్చినంక నాకు చెప్పు" అంది. వెళ్ళేటప్పుడు దారిలో తినమని శెనగ గుడాలు ఉడకబెట్టి డబ్బాలో పోసిచ్చింది. రెండో పాస్ మీద మా ల్యాబ్‌లో నా స్నేహితురాలిని తీసుకెళ్ళాను. ఆ గుడాలు మేమిద్దరం కారులో తిన్నాం. చాలా బాగున్నాయి అని కూడా అనుకున్నాం.

సినిమా అయ్యాక బయట మైకులు పెట్టి అడిగారు. నాకు అత్తమ్మ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా అబద్ధమే, తయారుగా పెట్టుకునే వెళ్ళాను. "భయం చప్పుడులో ఉండదండీ. అలవాటైన చప్పుడు ఆగిపోవడంలో ఉంటుంది. మా వైపు కంపెనీల మోత పగలూ రాత్రీ ఉంటుంది, మేం దాన్ని వినం. అది ఆగితేనే ఉలిక్కిపడతాం. ఈ సినిమాలో ఆ ఆగడం లేదు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు భలే అన్నారు. "ఇంత బాగా ఎలా పట్టుకుంటారు మేడమ్?" అని ఒకతను అడిగాడు. "నేను సినిమాలు ఎప్పుడూ ఒంటరిగా చూస్తానండీ. పక్కన ఎవరూ ఉండకూడదు నాకు" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట నా నోటికి!

ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. మేడ మీద గదుల్లో ఉండే ఒక కుర్రాడు "దేఖో అమ్మా, మేడమ్ ఆయీ హై" అని అత్తమ్మకి చూపించాడట. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె వంటింట్లో పచ్చడి నూరుతోంది.

"సూసిన బిడ్డా. మంచిగ చెప్పినవ్. చీర గూడ మంచిగ కనవడ్డది" అంది. కాసేపు నూరింది. "నీ పక్కపొంటి నిలవడ్డ పిల్ల ఎవరు, నీతోని పని జేసేదా? మంచిగున్నది పిల్ల" అంది. అంతే. రెండో పాస్ గురించి ఆమె అన్నది అంతే. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆమె రోలు పక్కకి జరిపి, "గని ఒక్క ముక్క యాది మరిచినవ్" అంది.

"ఏ ముక్క?"

"మీ మామ ఆ పాత కంపెనీల జేస్తుండె అప్పుడు, గిప్పుడు మూతవడ్డది సూడు, గా దాంట్ల. మేము నలుగురం ఆడోళ్ళం గోడ పక్క చేన్ల టమాటలు తెంపుతున్నం. పట్టపగలు. మోత ఆగింది. నాకొక్కదానికే ఇనవడ్డది. వాళ్ళు ఎవరిదో లగ్గం ముచ్చట వెట్టుకొని నవ్వుతున్నరు. నేను 'ఆగున్రే, ఆగున్రే' అంటున్న. ఎవరు ఇంటలేరు. మోత ఆగుడు గాదు బిడ్డా భయం. ఆగిందని నాకొక్కదానికే తెలుసుడు, పక్కన అందరు నవ్వుకుంటనే ఉండుడు, గది భయం."

గంప అక్కడే పడేసి గేటు దగ్గరికి పరుగెత్తిందట. పొద్దుగూకే దాకా గేటు పట్టుకుని నిలబడిందట. లోపల విషవాయువు పీల్చి పడిపోయిన మామయ్యని ఇద్దరు మోసుకుని బయటికి తెచ్చారు. ప్రాణంతోనే తెచ్చారు కానీ, ఆ తర్వాత ఆయన బతికిన కొన్నేళ్ళూ దగ్గుతూనే బతికాడు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆయన లేడు. ఈ సంగతి మా ఆయన కూడా నాకెప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు.

విని ఏడ్చాను. దొంగ ఏడుపు కాదు, నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమే కొంగుతో నా కళ్ళు తుడిచింది. అయితే ఆ ఏడుపులో కూడా నా బుర్రలో ఒక మూల ఆ వాక్యాన్ని తిప్పి తిప్పి రాస్తూనే ఉంది. సోమవారం నాటికి నా పేజీలో వచ్చేసింది: 'సస్పెన్స్ అంటే ప్రమాదం కాదు, ప్రమాదం ఒక్కరికే తెలియడం.' గేటు లేదు, మామయ్య లేడు, టమాటల గంప లేదు. నేను రాసినవాటిలో మీకు అన్నిటికంటే బాగా నచ్చింది అదే. ఆమె జీవితంలోకెల్లా ఘోరమైన మధ్యాహ్నాన్ని నేను ఒక తెలివైన మాటగా మార్చుకుని మెప్పు పొందాను. ఇంతకంటే చవకబారు పని నేను చేయలేదు.

ఒకే ఒకసారి అడిగాను ఆమెని. అదీ ఎలా అడిగాను? నవ్వుతూ, గిన్నెలు సర్దుతూ, కాదనాలని కోరుకుంటూ. "నేను రాసేవాటి కింద నీ పేరు పెట్టమంటావా ఏంటి అత్తమ్మా?" అన్నాను. "నా పేరెందుకు బిడ్డా, నన్నెవరు గుర్తువడ్తరు" అంది. హమ్మయ్య అనుకున్నాను. ఆ మాటని అనుమతి కాగితంలా లోపల భద్రంగా దాచుకున్నాను. చదువు రాదు కదా, నేనేం రాస్తున్నానో ఆమెకి ఎలాగూ తెలియదు అని కూడా అనుకున్నాను. ఆ వీడియో ఒక్కటే ఆమె కంటపడిందని నా లెక్క.

ఆమె పోయిన పదకొండో రోజు భోజనాల దగ్గర ఆ లెక్క తప్పింది. మా వీధి మొదట్లో బట్టలు కుట్టే అక్క ఒకామె ఉంది. ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుంది. ఆమె చేయి కడుక్కుని నా దగ్గరికి వచ్చి, "సోమారమొస్తె ఇగ మా ఇల్లు బోసిపోతది చెల్లె. మీ అత్తమ్మ లేదాయె" అంది.

"సోమవారం మీ ఇంటికి వచ్చేదా?"

"తెల్వదా నీకు? సోమారం సోమారం వచ్చి, నువ్వు ఫోన్ల రాసింది నాతోని చదివిపిచ్చుకునేది. ఒక్కసారి గాదు, రెండుసార్లు చదువమనేది."

"ఎప్పటి నుంచి?"

"మొదటి సంది."

మొదటి నుంచీ. అంటే ఆమె మాటలు నా ఇస్త్రీ తెలుగులో, నా పేరుతో, వారం వారం ఆమె వింటూనే ఉంది. విని, ఆదివారం వచ్చేసరికి మళ్ళీ నా పక్కన కూర్చుని, మళ్ళీ కొత్త మాటలు చెబుతూనే ఉంది. ఆ రోజు వచ్చినవాళ్ళకి మజ్జిగ వడ్డిస్తూ వడ్డిస్తూ నేను వెనక గదిలోకి వెళ్ళి గోడకి ముఖం పెట్టుకున్నాను.

నాకు ఇక ఆగబుద్ధి కాలేదు. తర్వాతి సోమవారం సెలవు పెట్టి మధ్యాహ్నం ఆ అక్క ఇంటికి వెళ్ళాను. ఆరుగురు ఆడవాళ్ళున్నారు. అక్క, పక్కింటి పెద్దమ్మ, మిగతావాళ్ళు మా వాడ వాళ్ళే. ఏం చెప్పాలో దారంతా వల్లించుకున్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను రాసినవి నావి కావు. అన్నీ మా అత్తమ్మ చెప్పినవి. ఆమె పేరు లేకుండా నేను నా పేరు పెట్టుకున్నాను. అది దొంగతనం. మీ అందరి ముందూ చెబుతున్నాను" అన్నాను.

పక్కింటి పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"గట్లనే అంటవని చెప్పింది."

"ఎవరు?"

"ఇంకెవరు, మీ అత్తమ్మనే. 'నాకేం తెల్వది, సినిమా ఎట్ల సూడాల్నో నాకు మా కోడలే నేర్పింది. అడిగితె మాత్రం అన్ని మా అత్తమ్మనే చెప్పింది అంటది, నమ్మకున్రి. గంత సదువుకున్న పిల్ల, జెర గూడ గర్వం లేదు' అన్నది. మేమే నిన్ను ఆంధ్రా పిల్ల అని పిచ్చి కూతలు గూసినం బిడ్డా, తప్పయింది."

"కాదు పెద్దమ్మా, నిజం చెబుతున్నాను. నేను నేర్పడమేమిటి? ఆమే నాకు నేర్పింది. సినిమాకి కూడా నేను ఆమెని తీసుకెళ్ళలేదు. రెండు పాసులుంటే ఒకటే ఉందని అబద్ధం చెప్పాను" అన్నాను. గొంతు పెరిగింది. చివరికి అరిచాను కూడా. ఎంత అరిస్తే వాళ్ళ కళ్ళలో నేను అంత మంచిదాన్నయిపోతున్నాను. "అవునమ్మా, అవును" అంటూ కుట్టే అక్క నా వీపు నిమిరింది. ఒకామె ఇంకో ఆమెతో "సూసినవా, ఎంత పావురమో, ఎంత ప్రేమనో అత్త మీద" అనడం నాకు వినపడింది.

ఏ దారీ లేకుండా తలుపులన్నీ మూసి వెళ్ళిపోయింది మా అత్తమ్మ. నన్ను కాపాడాలనే చేసింది. నాకది తెలుసు.

నేను కూలబడ్డాను. ఎవరో నీళ్ళిచ్చారు. పక్కింటి పెద్దమ్మ దగ్గరికి జరిగి నా చేయి పట్టుకుంది. "ఏడ్వకు బిడ్డా. ఆమె ఏడికి పోయింది, నీ నోట్లనే ఉన్నది. మొన్న టీవీల ఒక దెయ్యం సినిమా వేసిన్రు, నువ్వు గూడ సూసే ఉంటవ్. ఎట్లున్నదో జెర చెప్పు. చెప్పేటోళ్ళు లేక మాకేం సమజైతలేదు" అంది.

చూశాను ఆ సినిమా. ఆదివారం, ముందు గదిలో, నిజంగానే ఒంటరిగా చూశాను. దాని గురించి అనడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. కుట్టే అక్క చేతిలో జాకెట్టు పక్కన పెట్టింది. పక్కింటి పెద్దమ్మ వినపడే చెవిని నా వైపు తిప్పుకుంది. ఆరుగురూ నా నోటికేసి చూస్తూ కూర్చున్నారు.